గార్డు, నెత్తళ్ల తలలు, తడిసిన బొంత

నా చిన్నప్పుడు నేను ఆడిన అబద్ధాలన్నిటినీ పెట్టెలుగా తగిలిస్తే నిమ్‌పురా యార్డు నుంచి పూరీ గేట్ దాకా నిలబడే గూడ్సు బండి అయ్యేది. ఇప్పటికీ నా మాటలో సగం తగ్గించుకుని వినాలని మా ఇంట్లో అందరికీ తెలుసు. మీకు తెలియదు కాబట్టి, ఎక్కడ పెంచి చెప్పానో ఆ చోటే ఒప్పేసుకుంటాను. ఒప్పుకోనిచోట జరిగింది జరిగినట్టే చెప్పానని నమ్మండి. ఇది ఆ బండిలో అన్నిటికంటే బరువైన పెట్టె సంగతి.

మాది తెలుగు నేలకి దూరంగా, నిమ్‌పురాలో రైల్వే క్వార్టరు. ఒక గది, ఒక వంటిల్లు, ముందు చిన్న వరండా, వెనక మురుగు కాలవ, దాని గట్టున ఒక వేప చెట్టు. మా నాన్న ఇంజన్లు బాగుచేసే లోకో షెడ్డులో ఫిట్టరు. ఒక వారం పగలు డ్యూటీ, ఒక వారం రాత్రి డ్యూటీ. మా వరసలో ప్రతి ఇంట్లోనూ ఒక పద్ధతి ఉండేది. రాత్రి డ్యూటీ దిగి వచ్చిన మనిషి, పొద్దున్నే పిల్లలు లేచిన పక్క మీదే పడుకునేవాడు. ఇంట్లో మనుషులు ఎక్కువ, పక్కలు తక్కువ. మరో పక్క పరచాలంటే చోటూ లేదు. పిల్లల ఒంటి వెచ్చదనం చల్లారకముందే తండ్రి వచ్చి అందులో వాలేవాడు. మా ఇంట్లో బొంతలు రెండే. ఒకటి అమ్మకీ, ఆ వానాకాలంలోనే పుట్టిన మా తమ్ముడికీ. రెండోది రాత్రి నాది, పగలు నాన్నది. అమ్మ పాత చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టిన ఆ బొంత మీద పడుకుంటే నాన్నకి ఇంజను కూత చెవి పక్కన మోగినా మెలకువ వచ్చేది కాదు.

అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. ఒకరోజు పొద్దున్న నాన్న డ్యూటీ దిగి వస్తూ టిఫిను సంచిలో ఒక కుక్కపిల్లని తెచ్చాడు. ఇంజన్ల బూడిద దులిపే గుంట పక్కన, వెచ్చదనానికి ముడుచుకుని పడుకుందట. నల్ల కుక్క అనుకుని తెచ్చాడు. అమ్మ రెండు చెంబుల నీళ్ళు పోసేసరికి తెల్ల కుక్క బయటపడింది, ఒక చెవి మాత్రం గోధుమ రంగు. అది అగ్గిపెట్టెలో పట్టేంత ఉండేదని నా స్నేహితులకి చెప్పాను. నిజానికి నాన్న బూటులో పట్టేది. ఇంట్లో ఎవరు ఎటు నడిచినా అందరి వెనకా అది నడిచేది. బండికి చివర గార్డు ఉన్నట్టు ఉందని నాన్న దానికి గార్డు అని పేరు పెట్టాడు.

అమ్మ ఒక్క షరతు మీద ఒప్పుకుంది. “నేల మీద పసిగుడ్డు పడుకుంటన్నాడు. ఇంట్లో తడి సేసినాదంటే ఆ మర్నాడు నీ గార్డూ ఉండదు, దాని రైలూ ఉండదు.”

గార్డుకి ఈ షరతు ఎవరూ చెప్పలేదు. అది పొయ్యి పక్కన పోసింది. ఉల్లిపాయల బుట్టలో పోసింది. తాను పట్టే ఆ బూటులోనే పోసింది. ఒకసారి పైనున్న గూట్లో కూడా పోసిందని చెప్పాను గానీ, అక్కడ వాన నీళ్ళు కారాయి. అమ్మ దగ్గర ఒకటే మందు, చీపురు. తడి కనిపించగానే గార్డుని మెడ పట్టుకుని తెచ్చి, ముక్కు ఆ తడికి ఆనించి, వీపు మీద నాలుగు వేసేది. నాలుగు రోజుల్లో దానికి చదువు వచ్చింది. ఏం చదువంటే, ఎవరూ చూడనిచోట పొయ్యాలని. ఆ పైన మేము తడిని కళ్ళతో కాదు, ముక్కుతో వెతుక్కోవలసి వచ్చింది. ట్రంకు పెట్టె కింద వెతికితే దొరికేది.

మా పక్క క్వార్టర్లో కొడుకు దగ్గర ఒక తాతయ్య ఉండేవాడు. మాకు చుట్టం కాదు, కానీ మా అమ్మ ఆయన్ని మావయ్యా అనేది కాబట్టి నాకు తాతయ్యే. యార్డులో షంటింగ్ జమేదారుగా చేసి దిగిపోయాడు. అంటే, పెట్టెల్ని ఒకదానికొకటి తగిలించేటప్పుడు పట్టాల పక్కన నిలబడి, ఇంజను నడిపేవాడికి జెండాతో రా, మెల్లగా, ఆగు అని చెప్పే పని. ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ ఆయన చేతులు ఉద్యోగాన్ని వదల్లేదు. కోడల్ని మంచినీళ్ళు అడగాలన్నా చెయ్యి గాల్లో ఊపేవాడు. మా వెనక గోడ ఆయన నడుము దాకా ఉండేది. అక్కడ నిలబడి మా ఇంటి సంగతులన్నీ చూసేవాడు.

ఒకరోజు అమ్మ మళ్ళీ చీపురు తిరగేసింది. తాతయ్య గోడ అవతల నుంచి అడిగాడు.

“ఏటమ్మా, దాన్ని ఎందుకలా బాదేస్తన్నావు?”

“ఇంట్లో పోసినాది మావయ్యా. బుద్ధి రావాల కదా.”

“బుద్ధొచ్చినాదేటి?”

“భయమొచ్చినాది.”

“భయం ఆగమనే సిగ్నలమ్మా. ఎర్ర జెండా. ఎంతసేపని ఆగుతాది? ఎక్కడికెల్లాలో సెప్పినావా దానికి?”

అమ్మ చీపురు దించింది. నా దగ్గర జవాబులు చాలా ఉన్నాయి గానీ ఎవరూ అడగలేదు. తాతయ్య నన్ను చేత్తో పిలిచాడు, మెల్లగా రా అనే సైగతో. మా వంటింట్లో ఎండు నెత్తళ్లు ఉన్నాయా అని అడిగాడు. ఎందుకుండవు? సముద్రం పక్కనున్న మా ఊరి నుంచి ఎవరు వచ్చినా మూట తెచ్చేవారు. వేలెడంత చేపలు, బాగా ఎండినవి. కూర వండేముందు అమ్మ వాటి తలలు తుంచి పారేసేది. ఆ పారేసే తలలు దాచుకోమన్నాడు. “గార్డు బయట పోసినప్పుడల్లా ఒక్క తల పెట్టు. ఒక్కటే. రెండోది అడిగినా పెట్టకు.”

ఇంత సులువా అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే గార్డుని వేప చెట్టు దగ్గరకి తీసుకెళ్ళాను. ఎంతోసేపు వాసన చూసి, చివరికి పని కానిచ్చింది. నేను కేకలు పెడుతూ ఇంట్లోకి పరిగెత్తాను. అది నా వెనక పరిగెత్తింది. పొయ్యి పక్కన డబ్బాలోంచి ఒక తల తీసి అక్కడే పెట్టాను. మూడు రోజులు ఇలాగే జరిగింది. నాలుగో రోజు నుంచి గార్డు బయటికి రావడమే మానేసింది. పొద్దున్న లేవగానే తిన్నగా పొయ్యి దగ్గరకి వెళ్ళి, డబ్బా వైపు చూసి, అక్కడే కూర్చుని పోసేసి, నోరు తెరుచుకుని నా కోసం ఎదురు చూసింది. అమ్మ చీపురు కోసం లేచింది.

నేను ఏడుస్తూ గోడ దగ్గరకి వెళ్ళాను. తాతయ్య నవ్వలేదు. అంతా విన్నాడు. “తల ఎక్కడ పెట్టినావు?” అని అడిగాడు.

“పొయ్యి కాడ.”

“మరి దానికేటి తెలిసినాదే గుంటా? పొయ్యి కాడికొస్తే తిండి పెడతారని తెలిసినాది. సూడు, నాను పచ్చ జెండా ఎప్పుడూపాల? ఇంజను నా ముందరున్నప్పుడు ఊపాల. అది ఎల్లిపోయినాక, ఇంటికొచ్చి, అన్నం తినేసి, అప్పుడు ఊపినాననుకో. డ్రైవరుకేటి తెలస్తాది? గుడ్డ ఊపుకుంటన్నాడు ముసలోడు అనుకుంటాడు.”

అప్పటి నుంచి తల నా గుప్పిట్లో ఉండేది. గార్డు వేప చెట్టు దగ్గర పని ముగించి ఇలా లేస్తోందనగానే, ఆ చోటే, ఆ క్షణమే దాని నోటి ముందు పెట్టేదాన్ని. బాగుంది అని ఒక్క మాట అనేదాన్ని. అంతే. ఇంట్లో పోస్తే కొట్టడం లేదు, తిట్టడం లేదు. బూడిద చల్లి తుడిచేసేవాళ్ళం. దీనికి అమ్మని ఒప్పించడానికి తాతయ్యకి గార్డుకి నేర్పినంత కష్టమే అయింది. ఆమెకి నెత్తళ్ల తలలు ఇవ్వడం ఒక్కటే తక్కువ.

నా గుప్పిలి, నా జేబు, నా పుస్తకాల సంచి అన్నీ ఎండు చేపల కంపు. బడికి వెళ్తుంటే వెనక పదిహేడు పిల్లులు వరసగా నడిచేవి. సరే, మూడు. కానీ మూడింటిలో ఒకటి బడి లోపలికి కూడా వచ్చింది, అది నిజం.

వారం తిరిగేసరికి గార్డుకి లెక్క అర్థమైంది. బాగా ఎక్కువగా అర్థమైంది. బయటికి వెళ్తే తల దొరుకుతుంది కాబట్టి, ఉన్నదంతా ఒకేసారి పోయడం దండగని అది కనిపెట్టింది. తలుపు దగ్గర కూర్చుని కుంయ్ అనేది. తీసుకెళ్తే వేప చెట్టు మొదట్లో కూర్చుని ఒక్క చుక్క రాల్చి నా గుప్పిలి వైపు చూసేది. తల తిని ఇంట్లోకి వచ్చి, మళ్ళీ తలుపు దగ్గర కుంయ్. మళ్ళీ ఒక చుక్క. ఒక పూటలో అమ్మ డబ్బా ఖాళీ అయింది. తాతయ్య అప్పుడు మాత్రం గోడ పట్టుకుని వంగి మరీ నవ్వాడు. “ఇది కుక్క కాదే, యూనియన్ లీడరు” అన్నాడు. చుక్కకి తల లేదు, పొద్దుటి నుంచి దాచిన నీళ్ళు పూర్తిగా పోస్తేనే తల, అని కొత్త రూలు పెట్టాం. రెండు రోజులు అలిగింది. తరవాత ఒప్పుకుంది.

అలా ఇరవై రోజుల్లో పొయ్యి దగ్గర పొడి, ఉల్లిపాయల బుట్ట పొడి, నాన్న బూట్లు పొడి. ట్రంకు పెట్టె కింద వాసన కూడా పోయింది. బొంత మాత్రం తడుస్తూనే ఉంది.

ఇక్కడ నా పెట్టె తలుపు తీయాలి. బొంత తడి గార్డుది కాదు. నాది.

అయిదో ఏడు దాటాక మానేసిన అలవాటు, తమ్ముడు పుట్టిన ఆ వానాకాలంలో ఎందుకో మళ్ళీ మొదలైంది. గార్డు వచ్చిన మూడో రోజు తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి నా కింద చల్లగా ఉంది. నా కాళ్ళ దగ్గర గార్డు నిద్రపోతోంది. సిగ్గుతో నాకు ఏడుపు వచ్చేలోపే అమ్మ బొంత ఎత్తి చూసి, “ఈ కుక్క ముండ బొంత కూడా వదల్లేదు” అంది. నేను నోరు మూసుకున్నాను. అంతవరకైతే నన్ను నేను ఇంకా క్షమించుకునేదాన్ని. కానీ నా నోటికి ఖాళీగా ఉండడం రాదు. “అవునమ్మా, నాను సూసినాను. కాలెత్తి మరీ పోసినాది” అని ఒక అలంకారం తగిలించాను. ఆ రోజు గార్డుకి పడిన దెబ్బలు నేను లెక్కపెట్టలేదు. లోపలికి వెళ్ళి నా తడి పరికిణీ విప్పి, బొగ్గుల డబ్బా వెనక దోపాను. ఎవరూ లేనప్పుడు కాలవ దగ్గర తడిపి ఆరేసుకునేదాన్ని. అప్పటి నుంచి బొంత తడిసినప్పుడల్లా అదే పని, అదే మాట.

నాన్నకి పగలు డ్యూటీ ఉన్న వారం బొంత తడిస్తే పెద్ద నష్టం ఉండేది కాదు, సాయంత్రానికి ఎలాగో ఆరేది. మళ్ళీ రాత్రి డ్యూటీ వారం వచ్చింది. ఈసారి వాన విడవడం లేదు. నాన్న ఎర్రటి కళ్ళతో వచ్చి బొంత మీద చెయ్యి వేసి చూసి, వరండాలో గోనె సంచి పరుచుకునేవాడు. అక్కడ జల్లు కొట్టేది, తమ్ముడి ఏడుపు వినిపించేది. నాలుగు రోజులు నిద్ర లేదు. అయిదో రోజు పొద్దున్న కుడి చేతికి గుడ్డ కట్టుకుని వచ్చాడు. నిలబడే కునుకు పట్టి, కాలే ఆవిరి గొట్టం మీద చెయ్యి ఆనించాడట. అమ్మ గుడ్డ విప్పి చూసి మళ్ళీ కట్టేసింది. నన్ను చూడనివ్వలేదు. కానీ ఆవిడ ముఖం చూశాను, అది చాలు.

మాకు పాలు పోసే దాదా, అంటే ఆ ప్రాంతపు మాటలో అన్న, సాలువా వైపు పల్లె నుంచి సైకిలు మీద వచ్చేవాడు. తన గొడ్ల పాకకి ఒక కుక్క కావాలని ఎప్పటి నుంచో అడుగుతున్నాడు. ఆ రోజు నాన్న అతనితో, ఆదివారం వచ్చి గార్డుని తీసుకెళ్ళమని చెప్పాడు. “ఠీక్ హై దాదా, రోబిబార్” అని అతను గంట కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు. సాలువా వైపు పొదల్లో నక్కలు ఉంటాయని మా బడిలో చెప్పుకునేవాళ్ళు. అవి ఏనుగంత ఉంటాయని వాళ్ళకి చెప్పింది నేనే. ఇప్పుడు నా అబద్ధానికి నేనే భయపడ్డాను. గార్డు అప్పటికింకా నాన్న బూటు కంటే కొంచెమే పెద్దది.

ఆ సాయంత్రం వేప చెట్టు దగ్గర కూర్చుని ఏడుస్తుంటే తాతయ్య గోడ దగ్గరకి వచ్చాడు.

“గార్డు బొంత మీద పోస్తంటే నువ్వు సూసినావటే?”

“సూసినాను తాతా. కాలెత్తి పోసినాది.”

ఆయన గోడ మీద చేతులు ఆనించి వంగాడు. తరవాత మెల్లగా అన్నాడు. “ఈ ఈడు కుక్కపిల్ల కాలెత్తదే బొట్టె. కూకుంటాది. రోజూ నువ్వే కదా దాన్ని బయటికి తెస్తన్నావు, ఎప్పుడూ సూడనేదా?”

నేను గార్డుని ఎత్తుకుని లోపలికి పరిగెత్తాను. మర్నాడు తెల్లవారగానే, బొంత మళ్ళీ తడిసిందని లోపల అమ్మ అరుస్తుండగా, ఆయన గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. గార్డుని వదలమని చెయ్యి ఊపాడు. అది పరిగెత్తి చెట్టు మొదట్లో కూర్చుంది. కూర్చున్నది లేవదే! ఒక గూడ్సు బండి మొత్తం దాటిపోయేంతసేపు పోసింది. ఇందులో పెంచిందేమీ లేదు, బండి చిన్నది కావచ్చు. తాతయ్య నా వైపు చూడకుండా, చెట్టుతో చెబుతున్నట్టు అన్నాడు. “బొంత మీద పోసేసిన కుక్కకి ఇన్ని నీల్లెక్కడివబ్బా?” అని లోపలికి వెళ్ళిపోయాడు. మా అమ్మతో ఒక్క మాట చెప్పలేదు. నాతో ఇంకో మాట అనలేదు. ఆయన చెప్పేసి ఉంటే నాకు హాయిగా ఉండేది. చెప్పే పని నాకే వదిలేశాడని అర్థం కావడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు.

కానీ నేను దొంగదారి వెతికాను. శనివారం సాయంత్రం నుంచి మంచినీళ్ళు ముట్టలేదు. నిద్రపోకుండా ఉందామని తొడ గిల్లుకుంటూ పడుకున్నాను. బొంత పొడిగా ఉంటే గార్డు మారిపోయిందని అందరూ అనుకుంటారు, పాల దాదా ఖాళీగా వెళ్ళిపోతాడు, నేను ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. ఆదివారం పొద్దున్న కళ్ళు తెరిచేసరికి అన్ని రోజులకన్నా ఎక్కువగా తడిసి ఉంది.

నాన్న వచ్చి బొంత చూశాడు. కోప్పడలేదు. గార్డుని ఎడం చేత్తో ఎత్తుకుని వెనక గుమ్మంలోకి తెచ్చాడు. దాని చెవి కాసేపు నిమిరాడు. పాల దాదా సైకిలు గోడకి ఆనించి, జేబులోంచి తాడు తీశాడు. తాతయ్య గోడ అవతల ఉన్నాడు, రెండు చేతులూ గోడ మీద ఆనించి, కదలకుండా. తాడు మెడకి పడగానే గార్డు నన్ను చూసింది. ఏదో తప్పు జరిగింది, దాన్ని సరిచేసుకోవాలి అనుకుందో ఏమో, తాడుతో సహా వేప చెట్టు దగ్గరకి ఈడ్చుకుని వెళ్ళి, మొదట్లో కూర్చుని, ఉన్న నాలుగు చుక్కలూ రాల్చి, తల ఎత్తి నా గుప్పిలి వైపు చూసింది. నా గుప్పిట్లో ఏమీ లేదు.

“నాన్నా, అది కాదు. నానే” అన్నాను.

ఎవరికీ వినిపించలేదు. మళ్ళీ గట్టిగా అన్నాను. “బొంత తడుపుతన్నది గార్డు కాదు. నానే.”

నిజం చెబితే పిడుగు పడుతుందనుకున్నాను. పడలేదు. ఎవరూ నమ్మలేదు, అంతే. అమ్మ తమ్ముణ్ణి భుజాన వేసుకుని, “సాల్లేయే. కుక్కని ఉంచుకోడానికి ఇదొక కొత్త కథా?” అంది. నాన్న కూడా అలసిపోయిన నవ్వు నవ్వి, “దాని మీద అంత పేముంటే సెలవుల్లో సాలువా ఎల్లి సూసొద్దువుగాని” అన్నాడు. ఎనిమిదేళ్ళలో నేను ఏమి చెప్పినా కొంచెమైనా నమ్మేవాళ్ళు. చెప్పిన మొదటి నిజానికి చెల్లుబాటు లేదు. పాల దాదా తాడు చేతికి చుట్టుకున్నాడు.

నేను లోపలికి పరిగెత్తి బొగ్గుల డబ్బా వెనక్కి చెయ్యి పెట్టాను. ఆ పొద్దున్న దోపిన పరికిణీ అక్కడే ఉంది. బొగ్గు మసి అంటుకుని, తడిగా, బరువుగా. దాన్ని రెండు చేతులతో తెచ్చి అందరి ముందు నేల మీద వేశాను. పాల దాదా ముందు, తాతయ్య ముందు, వాన తగ్గిందని పళ్ళు తోముకోవడానికి బయటికొచ్చిన పక్క వరస వాళ్ళందరి ముందు. “గార్డు కాలెత్తదు నాన్నా, కూకుంటాది. కాలెత్తినాదని నాను అబద్ధమాడినాను. దాన్ని అమ్మ కొడతంటే సూస్తా ఉన్నాను” అన్నాను.

అమ్మ వంగి పరికిణీ ముట్టుకుని చూసింది. నాన్న తన కట్టు కట్టిన చెయ్యి చూసుకున్నాడు, తరవాత నన్ను చూశాడు. నేను వీపు బిగబట్టుకుని నిలబడ్డాను. గోడ అవతల తాతయ్య ఒక చెయ్యి ఎత్తి గాల్లో మెల్లగా ఇటూ అటూ ఊపాడు. ఆ సైగ ఏమిటో రైల్వే ఇంట్లో పుట్టిన ఎవరికైనా తెలుసు. దారి బాగానే ఉంది, పోనీ అని.

నాన్న ఎడం చేత్తో టిఫిను సంచి విప్పాడు. అమ్మ కోసం షెడ్డు క్యాంటీను నుంచి కాగితంలో చుట్టి తెచ్చిన సింగాడా, అంటే అక్కడి సమోసా, ఒకటి అందులో ఉంది. దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టాడు.

“ఇక్కడే తిను” అన్నాడు. “లోపలికెల్లినాక ఇస్తే దేనికిచ్చినానో తెలీదు కదేటి.”

నెల రోజులుగా గోడ దగ్గర జరిగిన పాఠాలు ఆయన చెవిన కూడా పడ్డాయని అప్పుడు తెలిసింది.

“బొంత తడిపిన గుంటకి సింగాడా ఏటి? ఈపు పగలాల గాని” అంది అమ్మ. అంటూనే ముఖం తమ్ముడి వెనక దాచుకుంది, భుజాలు కదులుతున్నాయి. పాల దాదాకి తెలుగు సగమే వచ్చు గానీ సంగతి మొత్తం అర్థమైంది. తాడు విప్పేస్తూ, “తో ఠీక్ హై, కుకుర్ నహీ, ఈ ఖుకీకోహీ లే జాతా” అన్నాడు, కుక్క వద్దులే, ఈ పిల్లనే పట్టుకుపోతానని. పక్క వరస వాళ్ళు నురగ నోళ్ళతోనే నవ్వారు. ఏడుపూ ఉప్పూ కలిసిన ఆ సింగాడా రుచి చెప్పమంటే నేను పెంచకుండా చెప్పలేను, అందుకని వదిలేస్తున్నాను. కింద రాలిన తునకలు గార్డు నాకేసింది.

ఆ రోజు తమ్ముణ్ణి తాతయ్య కోడలు ఎత్తుకుంటే, నాన్న అమ్మ బొంత మీద సాయంత్రం దాకా నిద్రపోయాడు. అమ్మ, తాతయ్య కోడలూ కలిసి తాతయ్య పాత పంచెలు వేసి ఆ వారంలోనే మూడో బొంత కుట్టారు. అలవాటు ఒక్క రోజులో పోలేదు. నిజం చెప్పాక తడవడం ఆగిపోయిందని చెబితే కథ అందంగా ఉంటుంది గానీ, చలికాలం వచ్చేదాకా అప్పుడప్పుడూ తడుస్తూనే ఉంది. పడుకునేముందు అమ్మ, గార్డునీ నన్నూ కలిపి బయటికి పంపేది. బొంత పొడిగా ఉన్న పొద్దున్న నేను గోడ దగ్గరకి వెళ్ళి తలూపితే తాతయ్య ఖర్జూర బెల్లం ముక్క నోట్లో పెట్టేవాడు. తడిసిన పొద్దున్న తల వంచుకుని వెళ్తే, వాన గురించో బండ్ల గురించో మాట్లాడేవాడు. చీపురు మళ్ళీ ఊడవడానికే పనికొచ్చింది. గార్డు మా ఇంట్లో పద్నాలుగేళ్ళు బతికిందని నేనంటాను, పదే అంటుంది అమ్మ. ఈ ఒక్క విషయంలో నేను తగ్గను.

అబద్ధాలు మానేశానని మాత్రం అనుకోకండి. నాకు పదిహేడు పిల్లులు కావాలి, ఏనుగంత నక్కలు కావాలి, అవి లేకపోతే పొద్దు గడవదు. కానీ నోరు లేని దాని మీదా, నోరు విప్పలేని మనిషి మీదా పెట్టి ఆ తరవాత ఒక్క అబద్ధం ఆడలేదు. ఇంకొకటి కూడా అలవాటైపోయింది. ఎవరైనా నా ముందు నిలబడి నేనే చేశాను అంటే, అసలేం జరిగింది, ఎందుకు చేశావు అని నా నోటికి ముందుగా రాదు. చేతిలో ఉన్నది పెట్టాకే ఆ ప్రశ్నలు.

మొన్న మా పక్క వాటా పిల్ల గుమ్మంలోకి వచ్చి, మీ మల్లె కుండీ పగలగొట్టింది నేనే అంది. గాలికి పడిందని నేను అనుకున్న కుండీ అది. అప్పుడు నేను బత్తాయి ఒలుచుకుంటున్నాను. గుమ్మం దాటనివ్వకుండా అక్కడే రెండు తొనలు దాని చేతిలో పెట్టాను. అది నన్ను వింతగా చూసి, తిని, గింజలు ఎక్కడ ఉమ్మాలని అడిగింది. ఆ తరవాత ఇద్దరం వంగి మట్టి ఎత్తాం.